కప్పు తిప్పి చూస్తే

మా తాతయ్య 1942లో రంగూన్ నుంచి వచ్చేస్తూ ఒక జపాన్ టీ సెట్టు తెచ్చారని మా ఇంట్లో ఒక కథ ఉంది. జనమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తుంటే, ఈయన కప్పులు పంచెలో చుట్టుకుని నడిచొచ్చారట. బాంబులు వేసిందీ జపాన్ వాళ్ళే, కప్పులు చేసిందీ వాళ్ళే అని నవ్వుకునేవాళ్ళం.

పోయిన సంక్రాంతికి అమ్మ ఆ సెట్టు నా చేతికిచ్చింది. "చేత్తో వేసిన పువ్వులట రా, లక్షలు చేస్తుందేమో, నెట్‌లో చూడు" అని.

చూశాను. తెలిసిందేంటంటే, ముందు చూడాల్సింది పువ్వుల్ని కాదు, అడుగున ఉన్న ముద్రని. అది మన బిల్డ్ నంబరు లాంటిది. పైగా ఆ ముద్రలో ఏం రాయాలో నిర్ణయించింది చాలాసార్లు అమెరికా వాళ్ళు! 1890లో వాళ్ళు చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. జపాన్ వాళ్ళు 1891 నుంచి 'నిప్పాన్' అని వేశారు. అది ఇంగ్లీషు మాట కాదు, 'జపాన్' అనే వేయాలని 1921లో అమెరికా కస్టమ్స్ పట్టుబట్టింది. యుద్ధంలో ఓడి అమెరికా సైన్యం పాలనలో ఉన్నప్పుడు, 1947 నుంచి 'మేడిన్ ఆక్యుపైడ్ జపాన్' అన్న ముద్ర వచ్చింది. 1952లో ఆక్రమణతో పాటు అదీ పోయింది.

అలాగని ముద్ర ఒక్కటే చూసి నమ్మేయకూడదు. నిప్పాన్ ముద్రకి నకిలీలు బోలెడు. 'హ్యాండ్ పెయింటెడ్' అని రాసున్నా, గీతలు అచ్చువేసి రంగులు మాత్రం చేత్తో నింపినవీ ఉన్నాయి. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అచ్చు, కుంచె జాడ కనిపిస్తే చేతి పని. బంగారు అంచు అరిగినా, బీట వారినా ధర పడిపోతుంది. చింతపండు పెట్టి తోమారో, ఆ అంచు కాస్తా పోతుంది :-)

సరే, మా కప్పు తిప్పాను. 'మేడిన్ ఆక్యుపైడ్ జపాన్'.

అంటే తాతయ్య నడిచొచ్చిన ఏడాదికి ఆ కప్పు పుట్టనే లేదు. ఆ కాలపు సెట్లు లెక్కలేనన్ని ఎగుమతయ్యాయి కాబట్టి లక్షల మాట కూడా మర్చిపోవాల్సిందే.

ఫోన్ చేసి చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యగారు కట్టుబట్టలతో వచ్చారని అత్తయ్యగారు ఒకసారి అన్నార్రా. నేనే మర్చిపోయాను. ఈ సెట్టు తర్వాతెప్పుడో కొనుంటారు" అంది.

అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనిషి, పదేళ్ళు తిరిగేలోపో ఆ తర్వాతో, మళ్ళీ ఒక టీ సెట్టు కొనుక్కోగలిగాడు. నాకైతే పంచెలో మూట కథ కన్నా ఇదే పెద్ద కథలా అనిపించింది. సెట్టు అమ్మట్లేదు.

మీ అటక మీద కూడా ఇలాంటివి ఉంటే, ధర వెతికే ముందు ఒకసారి తిప్పి చూడండి.