కాదన్నవాళ్ళ లెక్క: తయారీకి నోచుకోని రేడియో నమూనాలపై ఒక పరిశీలన

రేడియో చరిత్ర రాసేవాళ్ళకు తయారైన సెట్లతోనే పని ఎక్కువ. మోడల్ నంబరు, కేటలాగు, ధర, సర్వీసు మాన్యువల్ దొరికితే ఆ సెట్టుకు చరిత్రలో చోటు దక్కినట్టే. కాగితం మీదనో, ఒకటి రెండు మచ్చుల దగ్గరో ఆగిపోయినవాటి గతి వేరు. వాటి గురించి రాసినప్పుడు కూడా రెండే పాటలు వినిపిస్తాయి. ఒకటి, అందరికంటే ముందే చేశాడన్న పొగడ్త. రెండోది, కంపెనీవాళ్ళకు ముందుచూపు లేక చేజార్చుకున్నారన్న నింద. రెండింటిలోనూ కాదన్న మనిషి మాట మనకు చేరదు. అతను ఏ లెక్క వేసుకుని కాదన్నాడు, ఆ లెక్క ఆ రోజున తప్పా ఒప్పా అని అడిగితే ఈ నమూనాలు వేరే సంగతులు చెబుతాయి. 1936 నుంచి 1955 వరకు ఆగిపోయిన నాలుగు రేడియోలను ఆ ప్రశ్నతో చూడటం ఈ వ్యాసం పని. అందులో మన దేశాన్ని దృష్టిలో పెట్టుకుని తలపెట్టినదాని మీద ఎక్కువసేపు నిలుస్తాను.

మొదటిది పాల్ ఐస్లర్ సెట్టు. వియన్నా యూదు ఇంజనీరు, ముద్రణ రంగంతో పరిచయం ఉన్నవాడు, 1936లో లండన్ చేరి హాంప్‌స్టెడ్‌లో అద్దెగదిలో ఉంటూ ఒక రేడియో చేశాడు. అందులో తీగలకు బదులు పలకకు అంటుకుని ఉన్న లోహపు గీతలే కరెంటును మోసుకెళ్తాయి. ఇవాళ పీసీబీ అంటే మెకానిక్ షాపులో కుర్రవాడికి కూడా తెలుసు. ఆ రోజు అది వింత. ప్లెసీ కంపెనీకి తీసుకెళ్తే వాళ్ళు వద్దన్నారు. ఐస్లర్ తర్వాత చెప్పుకున్న ప్రకారం వాళ్ళ కారణం సూటిగానే ఉంది: ఈ పని చేసే ఆడపిల్లలు ఇంతకంటే చవక, పైగా ఏ మార్పు చెప్పినా ఇట్టే చేసేస్తారు.

ఈ జవాబును మొరటుతనానికి ఉదాహరణగా చూపడం పరిపాటి. మొరటే, కాదనను. కానీ లెక్కగా చూస్తే అందులో లోపం వెతకడం కష్టం. బ్రిటన్‌లో అప్పుడు రేడియో ఋతువుల వ్యాపారం. ఏటా జరిగే రేడియో ప్రదర్శనకు ప్రతి కంపెనీ కొత్త మోడళ్ళు దించాలి. నిరుడు పెట్టిన చోట ఈ ఏడు కాయిల్ ఉండదు. అచ్చు పలకైతే మార్పు వచ్చిన ప్రతిసారీ గీతలు మళ్ళీ గీయాలి, అచ్చులు మళ్ళీ చేయాలి. బల్ల ముందు కూర్చున్న అమ్మాయికి ఒక కొత్త నమూనా చూపిస్తే చాలు. యుద్ధం వచ్చి, ఫిరంగి గుండులో ఇమిడి లక్ష్యం దగ్గరికి రాగానే దాన్ని పేల్చే ప్రాక్సిమిటీ ఫ్యూజులు లక్షల్లో కావలసి వచ్చాకనే, మార్పు లేకుండా అదే సర్క్యూటును అదే కొలతతో పదేపదే దించే అచ్చు పద్ధతులకు అమెరికాలో గిరాకీ పుట్టింది. ఐస్లర్ ఆలోచన మారలేదు, మారింది కొనేవాడు.

ఇదే లండన్ చుట్టుపక్కల, ఇదే చిక్కును ఎదురు దిక్కు నుంచి పట్టుకున్నవాడు జాన్ సార్‌గ్రోవ్. హంగరీ మూలాలున్న ఇంజనీరు, బ్రిటిష్ టంగ్‌స్రామ్‌లో వాల్వుల పని చేసినవాడు. మనుషులు తీగలు అతికే పని చవకా ఖరీదా అన్న తగువే లేకుండా, మనుషులే అక్కర్లేని రేడియో చేయాలన్నది ఆయన పంతం. 1947 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ రేడియో ఇంజనీర్స్ ముందు చదివిన పత్రంలో ఆ యంత్రాన్ని వివరించాడు. దాని పేరు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ మేకింగ్ ఎక్విప్‌మెంట్, పొట్టిగా ఈసీఎంఈ.

పని తీరు ముచ్చటగా ఉంటుంది. ముందుగా బేకలైట్ పలక పోత పోస్తారు. రెండు వైపులా గాళ్ళు, గుంటలు పోతలోనే వచ్చేస్తాయి. పలక యంత్రంలోకి వెళ్ళగానే గరుకు రేణువులను వేగంగా కొట్టి ఉపరితలాన్ని గరుకుచేస్తుంది. తర్వాత కరిగిన జింకును రెండు వైపులా పిచికారీ చేస్తుంది. పైపొర చెక్కేస్తే జింకు గాళ్ళలో మాత్రమే మిగులుతుంది. సన్నటి గాడిలో మిగిలింది తీగ. చుట్టలు చుట్టిన గాడిలో మిగిలింది కాయిల్. పలకకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న గుంటల్లో మిగిలింది కండెన్సరు, మధ్యన పలుచగా ఉన్న బేకలైటే దాని ఇన్సులేషన్. రెసిస్టర్ల చోట గ్రాఫైట్ పూత. పలకను యంత్రమే దశదశకూ పరీక్షిస్తుంది. చెడ్డ పలకలు వరసగా వస్తుంటే పని ఆపేస్తుంది. నిమిషానికి 3 పలకలు దిగేవి. సెట్టును కూడా యంత్రానికి తగ్గట్టే కుదించాడు: రెండే వాల్వులు, ఆ రెండూ ఒకే రకం, టంగ్‌స్రామ్ యూఏ 55. అన్ని దశలకూ పనికొచ్చేలా రూపొందించిన వాల్వు అది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సార్‌గ్రోవ్ రేడియోను గీసి, దాన్ని చేసే యంత్రం కోసం వెతకలేదు. యంత్రం ఏది చేయగలదో చూసి రేడియోను దానికి సరిపెట్టాడు. ఇంత వేగంతో దిగే సెట్లను బ్రిటన్ ఒక్కటే కొనలేదు. అందుకే భారత్, చైనా వంటి పెద్ద మార్కెట్ల మీద చూపు పెట్టారు. చైనా అంతర్యుద్ధంలో ఉంది. ఇక్కడ అధికారం చేతులు మారుతోంది. తలపెట్టిన భారీ ఉత్పత్తి సాగనే లేదు.

రాజకీయాలు కలిసిరాలేదు కాబట్టి చౌక రేడియో మన పల్లెలకు రాకుండా పోయిందని ముగించడం తేలిక. నేను ఒప్పుకోను. ఆ సెట్టు వచ్చి ఉంటే ఇక్కడ ఏం వినిపించేది?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆలిండియా రేడియోకు 6 కేంద్రాలు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. వాటి ప్రసారం అందింది దేశ విస్తీర్ణంలో 2.5 శాతానికి, జనాభాలో 11 శాతానికి. తెలుగు శ్రోత సంగతే తీసుకుందాం. 1938లో మొదలైన మద్రాసు కేంద్రం అటు, నిజాం రాజ్యంలో హైదరాబాదు దక్కన్ రేడియో ఇటు. నడుమ కోస్తా జిల్లాల్లో ఒక్క కేంద్రం లేదు. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. శ్రీకాకుళం వైపు ఊళ్ళో మద్రాసు తెలుగు కార్యక్రమం వినాలంటే కావలసింది బలహీనమైన సంకేతాన్ని పట్టి, పక్క స్టేషన్లను పక్కకు నెట్టగల సెట్టు. అంటే నాలుగైదు వాల్వుల సూపర్‌హెట్, వీలైతే షార్ట్‌వేవ్‌తో. రెండు వాల్వుల సెట్టు లండన్ చుట్టుపక్కల, బలమైన ట్రాన్స్‌మిటరు నీడలో బాగా పాడుతుంది. మన దగ్గర పొడవాటి ఏరియల్ కట్టి, చీకటి పడ్డాక, ఓపిగ్గా తిప్పుకుంటే ఏదో ఒకటి దొరికేదేమో. దాన్ని జనసామాన్యం రేడియో అనలేం.

కరెంటు మాట సరేసరి. 1947 నాటికి దేశం మొత్తం మీద విద్యుత్తు అందిన గ్రామాలు 1,500 అని సాధారణంగా చెప్పే అంకె. మెయిన్స్ మీద నడిచే సెట్టు ఎంత చవకైనా అంతకు మించిన ఊళ్ళకు చేరదు. బ్యాటరీ సెట్టైతే సెట్టు ధర కంటే బ్యాటరీల ఖర్చే మోయలేని బరువు.

మరమ్మతు సంగతి కూడా ఉంది. తీగలతో అల్లిన సెట్టులో కండెన్సరు పోతే మెకానిక్కు దాన్ని ఊడదీసి ఇంకోటి అతుకుతాడు. కాస్త అటూ ఇటూ విలువ ఉన్నదైనా సరిపెడతాడు. ఈసీఎంఈ పలకలో కండెన్సరంటే పలకలో ఒక భాగం. బేకలైట్ బీటలిస్తే పలక మొత్తం పారేయాలి, కొత్తది ఇంగ్లండు నుంచి రావాలి. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించుకుని, దొరికిన సామానుతో పని జరిపించుకునే దేశానికి అతుకుల్లేని రేడియో వరమూ కాదు, చవకా కాదు.

కాబట్టి ఈ కేసులో ఆర్డరు రాకపోవడాన్ని నష్టంగా లెక్కగట్టడానికి నాకు ఆధారం కనిపించదు. మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళలో, తర్వాతి కాలంలో పంచాయతీ ఆఫీసుల ముందు కనిపించిన రేడియో దారే వేరు. ఇంటింటికీ ఒక బలహీనమైన సెట్టు కాకుండా ఊరంతటికీ ఒక గట్టి సెట్టు, దానికో లౌడ్‌స్పీకరు, చూసుకోవడానికి ఒక మనిషి. ఏ స్టేషను పెట్టాలో ఊళ్ళో పెద్ద చేతిలో ఉండేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయినా ట్రాన్స్‌మిటర్లు దూరంగా ఉన్న చోట ఇంజనీరింగ్ ప్రకారం అదే సరైన జవాబు.

వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాక దూరం, బ్యాటరీ రెండు చిక్కులూ నెమ్మదించాయి. ఆ మలుపులోనూ ఆగిపోయిన సెట్లున్నాయి. జర్మనీలో హెర్బర్ట్ మాటారే నడిపిన ఇంటర్‌మెటాల్ సంస్థ 1953లో డ్యుసెల్‌డార్ఫ్ రేడియో ప్రదర్శనలో చేత్తో చేసిన ట్రాన్సిస్టర్లతో బుల్లి రేడియో వినిపించింది. అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే ట్రాన్సిస్టర్ రేడియో ప్రకటన వచ్చింది 1954 అక్టోబరులో. ఈ ఏడాది తేడాను పట్టుకుని ఐరోపా ఘనతను అమెరికా కొట్టేసిందని వాదించేవాళ్ళున్నారు. అయితే ఇంటర్‌మెటాల్ అమ్మదలచింది ట్రాన్సిస్టర్లను. రేడియో వాటి పనితనం చూపే సాధనం మాత్రమే. టీఆర్-1 వెనుక టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్దేశమూ అదే. తేడా ఏమిటంటే వాళ్ళు ఇండియానాపోలిస్‌లో సెట్లు చేసి అమ్మే కంపెనీని పట్టుకుని, 49.95 డాలర్ల ధర పెట్టి దుకాణాల్లోకి తెచ్చారు. ఇంటర్‌మెటాల్ అమెరికన్ కంపెనీ క్లెవైట్ చేతికి వెళ్ళింది. రేడియో మచ్చు దగ్గరే ఉండిపోయింది.

చివరిది టోక్యో సుషిన్ కోగ్యో, అంటే తర్వాతి సోనీ, 1955 తొలి నెలల్లో చేసిన టీఆర్-52. ముందు భాగంలో కిటికీల్లా గడులు గడులుగా ఉన్న తెల్ల ప్లాస్టిక్ జల్లెడ చూసి దానికి ఐక్యరాజ్యసమితి భవనమని ముద్దుపేరు పెట్టారు. సుమారు 100 చేశారు. అకియో మొరీటా వాటిని అమెరికాకు పట్టుకెళ్తే గడియారాల కంపెనీ బులోవా లక్ష సెట్లు కొంటామంది, కాకపోతే వాటి మీద తమ పేరే ఉండాలంది. మొరీటా కాదన్నాడు. సోనీ చరిత్రలో ఈ తిరస్కారం ఆత్మగౌరవ ఘట్టం, మేనేజ్‌మెంట్ పాఠాల్లో పదేపదే చెప్పే కథ.

నాకు దాని తర్వాత జరిగినదాని మీదే ఎక్కువ ఆసక్తి. ఎండలు ముదిరేకొద్దీ టీఆర్-52 జల్లెడ వంగి పెట్టె నుంచి పైకి లేవసాగింది. సర్క్యూటు బాగుంది, ట్రాన్సిస్టర్లు పనిచేస్తున్నాయి, ప్లాస్టిక్ నిలవలేదు. ఆ లక్ష సెట్ల బేరం కుదిరి ఉంటే అవన్నీ అమెరికాలో వేసవి దుకాణాల అద్దాల వెనుక ఉండేవి, తిరిగి వచ్చే ఖర్చును తట్టుకునే సత్తువ అప్పటి ఆ చిన్న కంపెనీకి ఉండేదా అన్నది అనుమానమే. బేరం కాదన్న మొరీటాకు ఆ క్షణాన ప్లాస్టిక్ సంగతి తెలియదు. కారణం ఒకటి, ఫలితం మరొకటి. ఆగిపోయిన నమూనాలను అంచనా వేసేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా నమోదు చేయాలి. టీఆర్-52ను పక్కనపెట్టి, పెట్టె మార్చిన టీఆర్-55ను అదే ఏడు ఆగస్టులో 18,900 యెన్ల ధరకు జపాన్‌లో అమ్మకానికి పెట్టారు.