ఉపసంహరణ గడువు దగ్గరే తేలిన ఫలితం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పురపాలక ఎన్నికలు, 2021

2021లో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో కొత్త పురపాలక కౌన్సిళ్లు ఏర్పడ్డాయి. ఫలితాల పట్టికలో మూడింటి ఎదుటా ఒకే పార్టీ పేరు కనిపిస్తుంది: వైఎస్సార్ కాంగ్రెస్. ఆ పట్టికను చూసి మూడు పట్టణాలూ ఒకే తీర్పు చెప్పాయనుకుంటే పొరపాటు. పుంగనూరులో 31 వార్డులకు 31 ఏకగ్రీవమయ్యాయి. కౌన్సిల్ ఏర్పడటానికి ఒక్క ఓటు కూడా అవసరం పడలేదు. మదనపల్లెలోని 35 వార్డుల్లో కొన్ని ఏకగ్రీవమై, తక్కిన వాటికి పోలింగ్ జరిగింది. కుప్పంలో 25 వార్డులకు గాను 24 వార్డుల్లో పోటీ నడిచింది. స్థానిక ఎన్నికలను చదవాల్సింది ఓట్ల లెక్కింపు నుంచి కాదు, నామినేషన్ల ఉపసంహరణ గడువు నుంచి అన్నది ఈ వ్యాసంలో నా వాదన.

రాష్ట్రంలో అంతకుముందు పురపాలక ఎన్నికలు జరిగింది 2014 మార్చి 30న. ఆ కౌన్సిళ్ల గడువు తీరాక పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. 2020 మార్చిలో నామినేషన్లు తీసుకుని పరిశీలన కూడా పూర్తి చేశారు. ఇంతలో కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ ప్రక్రియను నిలిపివేశారు. దాదాపు ఏడాది తర్వాత, మళ్లీ మొదటి నుంచి కాకుండా, ఆగినచోటి నుంచే కొనసాగించారు. 2021 మార్చి 10న పోలింగ్, 14న లెక్కింపు.

ఆగినచోటి నుంచి కొనసాగించడమే ఇక్కడ అసలు కీలకం. ఏడాది కిందట నామినేషన్ వేయలేకపోయిన వాళ్లకు, వేయనివ్వలేదని ఫిర్యాదు చేసిన వాళ్లకు దారి మూసుకుపోయింది. అలాంటి ఫిర్యాదుల్లో కొన్నింటిని కమిషన్ ఆలకించి తిరుపతి కార్పొరేషన్, పుంగనూరు, రాయచోటి, ఎర్రగుంట్లలో మొత్తం 14 స్థానాలకు మళ్లీ నామినేషన్లు వేసే వీలు కల్పించింది. అందులో మూడు పుంగనూరు వార్డులు. హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. తీర్పు వచ్చింది మార్చి 3న, అంటే ఉపసంహరణ గడువు ముగిసే రోజునే. ఆ మధ్యాహ్నం మూడు గంటలకు గడువు తీరేసరికి పుంగనూరు ఎన్నిక అయిపోయింది. పులివెందుల, పిడుగురాళ్ల, మాచర్ల కూడా అదే తీరున పోలింగ్ లేకుండానే ముగిశాయి. చిత్తూరు కార్పొరేషన్‌లోనైతే 50 డివిజన్లలో 37 ఏకగ్రీవమయ్యాయి.

ప్రత్యర్థులను బెదిరించారని తెలుగుదేశం ఆరోపించింది. ప్రజల ఆదరణ చూసి ఎదురు నిలిచేవారు లేకపోయారని అప్పటి అధికార పక్షమైన వైఎస్సార్ కాంగ్రెస్ చెప్పింది. ఈ రెండు వాదనల్లో ఏది నిజమో ఫలితాల పట్టిక చెప్పలేదు. పల్లెల్లో ఏకగ్రీవానికి ఒక సంప్రదాయం ఉంది. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు, ప్రభుత్వం జనాభాను బట్టి ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ప్రోత్సాహకం కూడా ప్రకటించింది. పైగా పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. పార్టీ గుర్తులతో జరిగే పట్టణ ఎన్నికలో 31 వార్డుల్లో ఒక్కచోటైనా పోటీ మిగలకపోవడాన్ని ఆ సంప్రదాయంతో సమర్థించడం నాకు ఒప్పుదలగా లేదు.

పుంగనూరు అప్పటి పంచాయతీరాజ్ మంత్రి పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నియోజకవర్గం. 2024 శాసనసభ ఎన్నికల్లో ఆయన అక్కడ మళ్లీ గెలిచారు, కానీ ఆధిక్యం 6,095 ఓట్లే. నియోజకవర్గం పట్టణం కంటే చాలా పెద్దది, మధ్యలో మూడేళ్లు గడిచాయి, కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చకూడదు. అయినా ఇంత గట్టి పోటీ సాధ్యమైన ప్రాంతంలో, పట్టణంలోని ఏ వార్డులోనూ పోటీ లేకపోవడానికి జనాభిప్రాయం ఒక్కటే కారణం కాదేమోనన్న అనుమానానికి ఆ అంకె బలమిస్తోంది. కొన్ని వార్డులకైనా పోలింగ్ జరిగిన మదనపల్లెలో శాసనసభ స్థానం అదే ఎన్నికల్లో 5,509 ఓట్ల తేడాతో తెలుగుదేశానికి దక్కింది.

కుప్పం కథ వేరు. తెలుగుదేశం అధినేత చంద్రబాబునాయుడు 1989 నుంచి గెలుస్తూ వస్తున్న నియోజకవర్గమది. మేజర్ పంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీ అయ్యాక తొలి ఎన్నిక 2021 నవంబరు 15న జరిగింది. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కూతవేటు దూరంలో ఉన్న పట్టణంలో బయటి మనుషులను దింపి దొంగ ఓట్లు వేయించారన్న ఆరోపణలు పోలింగ్ రోజంతా వినిపించాయి. లెక్కింపును వీడియో తీయాలని హైకోర్టు ఆదేశించింది. 17న వెలువడిన ఫలితాల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 19, తెలుగుదేశానికి 6 వార్డులు వచ్చాయి. ఆరోపణలు ఎన్ని ఉన్నా, కుప్పంలో ఓడిన పక్షానికి వార్డు వార్డుకూ వచ్చిన ఓట్లు అధికారికంగా నమోదయ్యాయి. పుంగనూరులో ఆ నమోదే లేదు. పరిశోధకుడికి అసలు లోటు ఇదే.

కుప్పం ఓటర్లు ఎన్నుకున్న కౌన్సిల్‌లో ఆ తర్వాత బలాబలాలు మారిపోయాయి. ఛైర్మన్ సుధీర్ 2024 నవంబరులో రాజీనామా చేసి తెలుగుదేశంలో చేరారు. 2025 ఏప్రిల్‌లో ఆ పదవికి తెలుగుదేశం అభ్యర్థి సెల్వరాజ్ ఎన్నికయ్యారు. ఛైర్మన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులే కావడంతో వార్డు ఓటరు ప్రమేయం లేకుండానే పాలన చేతులు మారింది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందన్న నిబంధన ఉన్నా ఈ మార్పు ఆగలేదు.

మళ్లీ పుంగనూరు విషయానికొస్తే, 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా (పై వారెవరూ కాదు) 2021 బ్యాలెట్ పత్రం మీద కూడా ఉంది. ఒక్కరే బరిలో మిగిలితే బ్యాలెట్ పత్రమే ఉండదు కాబట్టి నోటా కూడా ఉండదు. 2018లో హర్యానా ఎన్నికల కమిషన్ పురపాలక ఎన్నికల్లో నోటాను కల్పిత అభ్యర్థిగా పరిగణించి, దానికే ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక జరపాలని నిర్ణయించింది. ఏకైక అభ్యర్థికీ నోటాకూ మధ్య పోలింగ్ పెట్టే నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో ఉండి ఉంటే పుంగనూరు ఓటరు ఆ 31 మందినీ ఆమోదించాడో లేదో అంకెల్లోనే తేలేది. అలాంటి నిబంధన వచ్చేంతవరకు కనీసం వార్డువారీగా ఎవరు నామినేషన్ వేశారు, ఎవరిది ఏ కారణంతో తిరస్కరించారు, ఎవరు ఏ రోజు ఉపసంహరించుకున్నారు అన్న వివరాలను గెలిచినవారి జాబితాతో పాటే కమిషన్ ప్రచురించాలి.