ఴకారస్థానము - పాఠనిధులలో దాని పునఃప్రవేశము

రేనాటిచోళుల తెలుఁగు శాసనములయందు ఴకారమను నొక వర్ణము కానవచ్చును. అది కాలక్రమమునఁ దెలుఁగున నంతరించి, ప్రాయికముగా డకారముగా మాఱెను. తమిళమునఁ గోఴి యనునది మనకుఁ గోడి యైనది. ఏఴు అనునది యేడైనది.

1991వ సంవత్సరమున యూనికోడు ప్రథమావృత్తి వెలువడినపుడు తెలుఁగునకు 128 స్థానము లేర్పడెను. ఆ క్రమము 1988 నాఁటి ఇస్కీ యను భారతీయ ప్రమాణము ననుసరించినది. తమిళ మలయాళ పట్టికలలో ఴకారమున్న చోటు తెలుఁగు పట్టికలో శూన్యముగా మిగిలెను. వైయాకరణులు లోపమన నభావము గాదు, అదర్శనమే యందురు గదా! ఇదియు నట్టిదే. 2008లో 5.1వ యావృత్తి దంత్య చజలను, అవగ్రహమును, భిన్నాంకములను జేర్చెను. 2014లో 7.0వ యావృత్తితో ఴకారము తనకై మిగిలియున్న చోటనే వచ్చి కూర్చుండెను.

అయినను బట్టికలోఁ జేరినంతనే వర్ణము పాఠనిధిలోఁ జేరినట్లు గాదు. నిత్యవ్యవహారమందున్న నిధికిఁ గ్రొత్త యచ్చులును, గ్రొత్త యకారాది క్రమమును నమర్తురు. భద్రపఱచిన నిధి మాత్రము పాత కట్టడితోనే యుండును. ఆ కట్టడిని మార్చకయే క్రొత్త పాఠమును దానిలోనికిఁ దెచ్చినచో ఴకారమున్న యెడ నొక ఖాళీ గడి కనఁబడును. పాత సంకేతములలోనికి మార్చినచోఁ బ్రశ్నార్థకమే మిగులును. కావున ముందు కట్టడి, తరువాత క్రమనియమములు, అటుపైఁ బాఠము దిగుమతి కావలెను.

ఇంకొక చిక్కు కలదు. ప్రమాణమున లేని వర్ణములకై యూనికోడు కొన్ని స్వేచ్ఛాస్థానములను విడిచినది. అందొక సంస్థ యుంచుకొన్న వర్ణమును ఆ సంస్థయొక్క సంకేతపట్టిక లేనిదే యితరులు చదువఁజాలరు. పాఠమును భద్రపఱచి పట్టికను విడుచుట పేటికను దాఁచి తాళపుచెవిని బాఱవేయుటయే.

స్వేచ్ఛాస్థానముననున్న ఴకారమును యంత్రమే సరియైన చోటికిఁ జేర్పఁగలదు. ళకారముగా నెక్కించిన దానికి మాత్ర మా యుపాయము లేదు. నిధిలో ‘చోళ’ యని యున్నచో శాసనమున నున్నది ళకారమో, ఴకారమో యాదేశమును జూచి స్థానిని దెలియుట పొసఁగదు. అట్టిచోట శిలను గాని, దాని ప్రతిబింబమును గాని మరలఁ జూచి యొక్కొక్క పదమును దిద్దవలసినదే. దిద్దువారు పూర్వపాఠమును జెఱపక, తేదీతోఁ బ్రక్కన నిలుపవలెను.