పెరటి తోటల్లో పురుగుమందులు: చట్టపరమైన బాధ్యతలు

భారతదేశంలో పురుగుమందుల తయారీ, దిగుమతి, అమ్మకం, వాడకాలను 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నియమాలు నియంత్రిస్తాయి. పెరట్లో, మిద్దె తోటలో సొంతంగా మందు కొట్టుకునేవారికి ఈ చట్టం మినహాయింపు ఇచ్చింది. అయినా ఆ మందు వల్ల ఇతరులకు హాని జరిగితే వారు ఇతర చట్టాల కింద బాధ్యులవుతారు.

నేపథ్యం

1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు రవాణాలో ఆహార సరుకులకు అంటుకుంది. ఆ తిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఈ ఘోరంపై జరిగిన విచారణ 1968 చట్టానికి దారితీసింది.

మినహాయింపు

సొంత ఇంటి అవసరాలకు, పెరటి తోటకు, తాను సాగుచేసే భూమికి మందు వాడుకోవడం చట్టం పరిధిలోకి రాదని 38వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇంటివారికి లైసెన్సు అక్కర్లేదు. మందు అమ్మాలన్నా, డబ్బు తీసుకుని ఇతరుల ఇళ్లలో కొట్టాలన్నా 13వ సెక్షన్ కింద లైసెన్సు తప్పనిసరి.

లేబుల్

డబ్బా మీది వజ్రాకారపు గుర్తులో కింది సగం రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు గుర్తుకు పైన పుర్రె బొమ్మ ఉంటుంది. మందు ఏ పంటకు, ఎంత మోతాదులో వాడాలో, విరుగుడు ఏమిటో లేబుల్‌, దానితో వచ్చే కరపత్రం చూసి తెలుసుకోవాలి. ఉదాహరణకు మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకుండా కేంద్రం నిషేధించింది. పత్తికి కొట్టగా మిగిలిన ఆ మందును పెరటి వంగ మొక్కలపై చల్లితే ఆ కాయలు తినే ఇంటిల్లిపాదికీ ముప్పే.

నిర్లక్ష్యానికి శిక్ష

తన దగ్గరున్న విషపదార్థం వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి పిల్లలకు అందేచోట పెట్టడం ఇలాంటి నిర్లక్ష్యమే. గాలి వీస్తున్నప్పుడు కొట్టిన మందు పక్కింటి బావిలోనో, పశువుల మేతలోనో పడి నష్టం కలిగితే బాధితులు సివిల్ కోర్టులో పరిహారం కోరవచ్చు.

ఖాళీ డబ్బాలు

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పురుగుమందు డబ్బాలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించాయి. వీటిని తడి, పొడి చెత్తల్లో కలపకుండా విడిగా అప్పగించాలి. ఎంత కడిగినా ఆ డబ్బాను నీళ్లకు, నూనెకు, పప్పులకు వాడకూడదు. కడిగిన నీటిని కాలువలో పోయకూడదు.