గుమ్మము కడ చెంబెడు నీళ్లు

పొరుగూరినుండి చుట్టము వచ్చినచో, కుశలప్రశ్నకంటె ముందుగా ఇల్లాలు చెంబెడు నీళ్లు తెచ్చి "కాళ్లు కడుక్కో, అన్నయ్యా" అని యందించెడి యాచారము మన పల్లెలలో నిన్నమొన్నటి వఱకు నుండెను. కోసులకొలది దుమ్మున, బురదలో నడచివచ్చిన పాదములకు అది మర్యాదయు, చికిత్సయు గూడ. కడుగుటలోను నియమ ముండెను. మడమ వెనుక తడి తగులకున్న శని పట్టునని మా యింటి ముసలమ్మలు గదమాయించెడివారు. భారతములోని నలుడు, పండ్రెండవ యేట నొకనాడు పాదశౌచము మఱచి సంధ్య కుపక్రమింపగా, అదను చూచి కలి యాతని నావేశించెను గదా! కలి సంగతి యెట్లున్నను, మడమ పగుళ్లలో జేరు మట్టికి మాత్ర మీ బెదిరింపు మంచి విరుగుడు.

సుశ్రుతుడు క్షుద్రరోగములను వర్ణించుచు, అధికముగా నడచువారి పాదములు చీలుటను పాదదారి యనియు, బురద సోకి వ్రేళ్లసందులు చెడుటను అలస మనియు, రాయియో ముల్లో నొప్పించినచోట గట్టిపడు గడ్డను కదర మనియు బేర్కొనెను. అలసమునకు పులిసిన గంజితో పాదములు తడిపి లేపము వేయుమనెను. కదరమును కత్తితో దీసి కాగిన నూనెతో కాల్చుమనెను. మనవారి నోట నివియే పగుళ్లు, కాళ్లొరియుట, ఆనెకాయలు. దమ్ముచేసిన మడిలో ప్రొద్దుగ్రుంకువఱకు నిలిచి నాట్లు వేసిన స్త్రీలు, కాలువలో కాళ్లు కడిగికొని, వెచ్చజేసిన ఆముదములో పసుపు కలిపి వ్రేళ్లసందుల నద్దుకొని పరుండెడివారు. ఆషాఢమాసపు గోరింటాకు సైతము ఈ తడిఋతువున గోళ్లను గాచుటకే యేర్పడినదని పెద్దల మాట. ఎఱ్ఱదనమునకై మురియువారు కాదన్నను, నాకది సమంజసముగనే తోచును.

ఇక చెప్పులు. చరకుడును పాదాభ్యంగముతోబాటు పాదత్రధారణమును దినచర్యలో జేర్చెను. తంగేడుచెక్కతో పదునుపెట్టిన తోలున గుట్టిన క్రొత్త కిర్రుచెప్పులు మొదట కరవక మానవు. బొటనవ్రేలి మొదట పొక్కు లేచినను ఓర్చుకొని, ఆముదము పట్టించి పట్టించి మెత్తపఱచుకొన్న పిమ్మట, అవి పాదపు టచ్చును తమలో నిలుపుకొని, పల్లేరుకాయకును తుమ్మముల్లునకును అడ్డుపడెడివి. అయితే వానిని గుట్టిన మాదిగ, పెద్దల వీధి వెంట పోవలసివచ్చినపుడు, చెప్పులు విడిచి చేతబట్టుకొని నడువవలసియుండెను. ఆ వీధి దాటిన పిదపనే యవి మరల నాతని కాళ్లకు జేరెడివి.