హిట్స్ ఎవరు ఏరారు?

ప్లసీబో అని ఒక రాక్ బ్యాండు. 1994లో లండన్‌లో పుట్టింది. హాస్టల్లో హార్డ్‌డిస్కులు చేతులు మారే రోజుల్లో ఇంజినీరింగ్ వెలగబెట్టినవాళ్ళలో కొందరికైనా ఆ పేరుతో ఒక ఫోల్డరు గుర్తుండే ఉంటుంది. గాయకుడు బ్రయన్ మోల్కోది ముక్కుతో పాడినట్టుండే గొంతు. కళ్ళకి కాటుక, పెదాలకి రంగు. డెబ్బైల్లో డేవిడ్ బోవీ, మార్క్ బోలన్ లాంటివాళ్ళు వేసిన 'గ్లామ్' వేషానికి తొంభైల్లో వారసుడన్నమాట. మగాడికి కాటుకేంటని అక్కడ చాలామంది ముక్కున వేలేసుకున్నారు గానీ, స్థానం నరసింహారావు గారి సత్యభామని ఎగబడి చూసిన జాతి మనది. మనకిందులో కొత్తేముంది :)

సరే, అసలు విషయానికొద్దాం. ఈ బ్యాండు 2004 అక్టోబరులో 'వన్స్ మోర్ విత్ ఫీలింగ్: సింగిల్స్ 1996-2004' అని ఒక సంకలనం విడుదల చేసింది. మొత్తం 19 పాటలు. పేరులోనే రూలు చెప్పేశారు చూడండి: 1996 నుంచి 2004 దాకా వచ్చిన సింగిల్స్. ప్రోగ్రాం రాసినంత తేలిక. కానీ 1996 మొదట్లో 'కమ్ హోమ్' అనే సింగిల్ కూడా వచ్చింది. అది ఇందులో లేదు. రూలు ఎంత స్పష్టంగా ఉన్నా చివర్లో ఎవరిదో ఒకరి చెయ్యి పడుతుంది. జనం మెచ్చిన పాటలు అని అట్ట మీద ఉంటుంది, ఏరినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ వ్యాపారం మొదలైంది అమెరికాలో. 1958లో కొలంబియా కంపెనీ 'జానీస్ గ్రేటెస్ట్ హిట్స్' అని జానీ మాథిస్ పాత సింగిల్స్‌ని ఒక ఎల్పీగా కుట్టి అమ్మింది. కొత్తగా స్టూడియో ఖర్చు లేదు, వాయిద్యాలవాళ్ళకి కూలి లేదు. అయినా ఏళ్ళ తరబడి చార్టుల్లోంచి దిగలేదు. 1976లో ఈగిల్స్ బ్యాండు హిట్స్ ఆల్బం వచ్చింది. 2018 లెక్క ప్రకారం అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బం అదే, 3 కోట్ల 80 లక్షలు. పాత సరుకు కొత్త సరుకుని మించి అమ్ముడుపోయే వ్యాపారం ఇంకోటి ఉందా అని!

మరి మన సంగతేంటి? మనకి సింగిల్స్ లేవు, చార్టులూ లేవు. సినిమా పాట 78 ఆర్‌పీఎం రికార్డు మీద వచ్చేది, ఒక్కో పక్క మూడు నిమిషాల చిల్లర. ఏది హిట్టో తేల్చింది పోస్టు కార్డులు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించేవారు. వివిధ భారతిలో పాట ముందు కోరినవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు వరసగా చదివేవారు. తర్వాత ఎల్పీలు, ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాక కంపెనీలు ఆ పాటల్నే మూటలు కట్టడం మొదలెట్టాయి. ఘంటసాల హిట్స్, సుశీల హిట్స్, బాలు హిట్స్. ఇంకొన్నాళ్ళకి హీరోల పేర్లతో కూడా హిట్స్ వచ్చాయి, పాడింది ఒక్క లైనైనా లేకపోయినా!

ఇక్కడే నాకు పేచీ ఉంది. మన హిట్స్ ఎక్కువగా గాయకుడి పేరు మీద కట్టారు. దాంతో మన జ్ఞాపకం కూడా అలాగే తయారైంది. 'జగదేకవీరుని కథ' (1961)లో పాటలు ఎవరివంటే ఠక్కున ఘంటసాల అంటాం. రాసిన పింగళి నాగేంద్రరావు గారు, కట్టిన పెండ్యాల నాగేశ్వరరావు గారు రెండో ప్రశ్నకి గానీ రారు. 'మాయాబజార్' (1957)లో కొన్ని పాటలకి బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. ఆయన మధ్యలో తప్పుకుంటే ఘంటసాల గారు పూర్తి చేశారు. 'దేవదాసు' (1953) పూర్తి కాకముందే సుబ్బురామన్ గారు పోతే మిగిలిన పని విశ్వనాథన్-రామమూర్తి చేశారు. ఘంటసాల గారిని తక్కువ చెయ్యడం కాదు నా ఉద్దేశం, ఆ గొంతు లేకపోతే అవేవీ మన దాకా వచ్చేవి కావు. ఆ మూటకి ఒక్క ముడే వేశారు అంటున్నా, అంతే. వేటూరి, సిరివెన్నెల పేర్లతో వచ్చినవి లేకపోలేదు, కానీ అది తర్వాతి మాట.

అయితే కంపెనీ ఏరింది ఏరినట్టు వినాలన్న రూలేం లేదని చిన్న ఊళ్ళు నిరూపించాయి. మాది తాండూరు. నాపరాళ్ళు, కందులు, సిమెంటు ఉన్న ఊరు. అవతల కర్ణాటక. కాస్త ఇవతల వికారాబాద్ జంక్షన్‌లో బీదర్ వైపు లైను చీలుతుంది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ అన్నీ ఒకే బజార్లో వినిపిస్తాయి. చాలా ఊళ్ళలో లాగే ఇక్కడా క్యాసెట్లు నింపే దుకాణాలుండేవట. మా నాన్న మాటల్లోనే చెప్తా: "చిట్టీ మీద పాటలు రాసిచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తుంటిమి. రెండ్రోజులకి నింపిచ్చేటోడు. పాట నడుమల కట్ కావద్దని ముందే చెప్తుంటిమి."

ఈ 'నడుమల కట్ కావద్దు'లో ఎంత కంప్యూటర్ సైన్సుందో గమనించారా? అరవై నిమిషాల క్యాసెట్‌కి పక్కకి ముప్పై నిమిషాలు. మూడున్నర, నాలుగు, అయిదు నిమిషాల పాటలు ఖాళీ మిగలకుండా, చివరిది తెగకుండా రెండు పక్కలా సర్దాలి. మనం అల్గారిథమ్స్ పేపర్లో 'బిన్ ప్యాకింగ్' అని చదివి పరీక్ష కాగానే మర్చిపోయిన లెక్కని ఆ దుకాణాయన రోజుకి పదిసార్లు చేసేవాడన్నమాట. చట్టం దృష్టిలో అది పైరసీయే, అందులో అనుమానం లేదు. కానీ ఆ క్యాసెట్‌లో ఎ పక్క ఘంటసాల, బి పక్క రఫీ, చివర్లో రాజ్‌కుమార్ కన్నడ పాట ఒకటి. ఏ కంపెనీ అలాంటి హిట్స్ వేస్తుంది చెప్పండి? ఏరినవాడెవడో కూడా తెలుసు. చిట్టీ మీద దస్తూరి ఉంది కదా!

ఆ తర్వాత ఎంపీ3 సీడీ వచ్చింది. 128 కేబీపీఎస్‌లో నిమిషానికి దాదాపు ఒక ఎంబీ. 700 ఎంబీల సీడీలో నూట డెబ్బై పైచిలుకు పాటలు పట్టేస్తాయి. ఇక ఏరే పనేముంది? అన్నీ పడెయ్యడమే. చోటు చాలకపోవడమే మన చేత ఎంపిక చేయించిందని అప్పుడు గానీ అర్థం కాలేదు.

దానితో పాటే ఇంకొకటి జారిపోయింది, మన వృత్తివాళ్ళకి బాగా అర్థమయ్యేది. పాట ఫైలు చివర అతికించే ఐడీ3 ట్యాగ్ మొదటి వెర్షన్ 1996లో వచ్చింది, మొత్తం 128 బైట్లు. పాట పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బంకి 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకి 30, రకానికి 1, గుర్తుకి 3. రచయితకి? సున్నా. సంగీత దర్శకుడికి? సున్నా. పోనీ ఉన్నా, 'పింగళి నాగేంద్రరావు' అని యూటీఎఫ్-8లో రాస్తే 55 బైట్లు, ఆ అరలో పట్టదు. రెండో వెర్షన్‌లో ఇద్దరికీ విడిగా అరలు పెట్టారు. నింపినవాడు లేడు. గాయకుడి పేరుండాల్సిన చోట కూడా డౌన్‌లోడ్ సైటు పేరుంటుంది, మీ పాత ఫోల్డర్లు ఓసారి తెరిచి చూడండి.

పేరులో ఏముంది అంటారా? డబ్బుంది. సినిమా కోసం నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక గానీ థియేటర్ బయట జరిగే వాడకాల్లో రచయితకీ సంగీత దర్శకుడికీ వదులుకోలేని రాయల్టీ వాటా దక్కలేదు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని బాలుగారికి ఇళయరాజా నోటీసు పంపితే మనలో సగం మంది 'బాలు పాట మీద ఇళయరాజాకి హక్కేంటి' అన్నాం. తప్పొప్పుల సంగతి అలా ఉంచండి, 'బాలు పాట' అన్న మాటెక్కడిది? హిట్స్ అట్టల మీంచి వచ్చిందే.

ఇప్పుడు ఏరే పని యాప్ చేస్తోంది. దానికి ఉన్నది మన డేటా. రచయిత అర ఖాళీగా ఉంటే 'పింగళి రాసినవి' అని ఒక వరస ఎలా తయారవుతుంది? రాయల్టీ లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? ఖాళీ అర అంటే మనకి నల్ పాయింటర్, ఆ రచయిత మనవడికి రాని చెక్కు.

అందుకని నాదో చిన్న ప్రతిపాదన. కోడింగ్ వచ్చిన మనం కొత్త ప్లేయర్లు రాయనక్కర్లేదు. మీ దగ్గరున్న ఘంటసాల హిట్స్ ఫోల్డరులో పాటకొక నిమిషం చొప్పున కూర్చుని, రాసిందెవరు, బాణీ కట్టిందెవరు అని చూసి ఆ రెండు అరలు నింపండి. సినిమా టైటిల్స్‌లో పేర్లుంటాయి, పాటల పుస్తకాలు పెద్దవాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయి. నింపిన ఫోల్డరు నలుగురికీ పంచక్కర్లేదు, ఆ పేర్ల జాబితా ఒక్కటీ పంచితే చాలు. నేను 1957తో మొదలెట్టాను, మీరు ఇంకో సంవత్సరం పట్టండి.