మెసోక్కో: కూలిన కోట, నిలిచిన ప్రార్థనామందిరం

స్విట్జర్లాండ్ ఆగ్నేయ భాగంలో ఇటాలియన్ భాష మాట్లాడే ఒక లోయ ఉంది. ఆల్ప్స్ పర్వతాలను దాటే శాన్ బెర్నార్దినో కనుమదారి ఆ లోయ గుండానే సాగుతుంది. ఆ దారిపై పట్టు నిలుపుకొనేందుకు సాక్స్ వంశ ప్రభువులు మెసోక్కో గ్రామం వద్ద, ఒక రాతిగుట్టపై తమ కోటను నెలకొల్పుకొన్నారు.

1480లో ఆ వంశం కోటను మిలాన్ సేనాని జాన్ జాకొమో త్రివుల్జియోకు విక్రయించింది. 1526లో మూడు లీగుల కూటమి దానిని కూల్చివేయించింది. దుర్భేద్యమైన ఆ దుర్గం శత్రువుల ముట్టడి వల్ల గాక, పాలకుల నిర్ణయం వల్ల శిథిలం కావడం గమనార్హం. 1549లో లోయ ప్రజలు సొమ్ము చెల్లించి త్రివుల్జియో వంశాధిపత్యం నుండి విముక్తి పొందారు.

కోట ఆవరణలోని సెయింట్ కార్పోఫరస్ చర్చి కూడా శిథిలమైంది; దాని గంటగోపురం మాత్రం నేటికీ నిలిచి ఉంది. గుట్ట పాదాన ఉన్న సాంతా మరియా ప్రార్థనామందిరం చెక్కుచెదరలేదు. 15వ శతాబ్దంలో సెరెన్యో చిత్రకారుల బృందం దాని గోడలపై పునీతుల చిత్రాలతో పాటు పన్నెండు నెలల చిత్రావళిని కూడా రచించింది. ఋతువులతో పాటు మారే మానవ జీవితమే అందులోని వస్తువు.

ప్రభువుల చరిత్ర విక్రయపత్రాలలోను, కూలిన గోడలలోను మిగిలింది. సామాన్యుని సంవత్సరం మాత్రం రంగులలో నిలిచింది. స్మారకాల పరిరక్షణలో కోటలకే అగ్రతాంబూలమిచ్చే మనం, వాటి నీడలోని చిన్న మందిరాలను కూడా చరిత్రకు ఆధారాలుగా గుర్తించవలసి ఉన్నది.